ఖాకీ జత ఇచ్చేసిన రోజు

మా ఆయన పోర్టులో కళాసీ. ఊపిరితిత్తుల జబ్బుతో ఏడాది పైగా కంచరపాలెంలో మా ఒంటిగది ఇంట్లో మంచం మీదే ఉన్నాడు. స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజులవి. పెద్దాసుపత్రి డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇక నయం కాదు, ఇంటి దగ్గరే బాగా చూసుకోమన్నాడు. ఆ మాట నేను ఆయనకి చెప్పలేదు. అంతవరకు బాగానే చేశాను.

ఆయన మాత్రం వచ్చే సోమవారం డ్యూటీకి వెళ్ళిపోతాననేవాడు. ప్రతి వారం అదే మాట. అందుకని శనివారం నాడు గోడకి తగిలించిన ఖాకీ జత దించి ఉతకాలి, గంజి పెట్టాలి. ఎవరూ తొడగని బట్టలు! నాకు విసుగొచ్చేది.

"మాసినాయేటి మావా, ఉతకడానికి?"

"దుమ్ము పట్టదేటే? మేస్త్రీ సూత్తే నవ్వడా?"

బట్టలు ఉతికిన పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. అది నేను గమనించాను. గమనించి కూడా చివరికి చెయ్యకూడని పని చేశాను.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రలో ఉండగా పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆమె వచ్చింది. నా చిరుగుల చీరలు చూసి పెదవి విరిచింది. తలుపులోంచి గోడకేసి చూసి, "ఆ కాకీ జత ఎయ్యమ్మా, మూత గిన్నె ఇత్తాను. గట్టి గుడ్డ," అంది.

ఇక తొడిగేది లేదు కదా అనుకున్నాను. మనిషి బతికుండగానే అనుకున్నాను. ఇచ్చేశాను.

ఆయన లేచి గోడ చూశాడు. నా చేతిలో గిన్నె చూశాడు. ఆమె కేక ఇంకా పక్క వీధిలో వినబడుతోంది. పరిగెడితే అందేది. ఏ మొహం పెట్టుకుని తిరిగి అడగను అని నిలబడిపోయాను.

"డాక్టరు నీకేటి సెప్పినాడే?" అన్నాడు.

తల దించుకున్నాను. అదే జవాబైపోయింది.

ఆ తరవాత సోమవారం మాట ఎత్తలేదు. జావ రెండు గుక్కలకే చాలనేవాడు. జబ్బు ఎలాగూ తీసుకుపోయేదే, డాక్టరు అబద్ధమాడలేదు. కాని ఆ జత గోడకుంటే, ఉన్న నాలుగు రోజులూ ఆశగా ఉండేవాడు కదా.

సబ్బవరం నించి మా అత్త, కొడుకుని చూడడానికి వచ్చింది. వస్తూనే, "నీ డూటీ బట్టలేవిరా బాబూ?" అంది.

"పాతవైపోనాయమ్మా. నానే ఇచ్చీమన్నాను. ఆపీసులో కొత్తవి ఇత్తారు," అన్నాడు నా వైపు చూడకుండా.

"అయితే పెళ్ళికొడుకువే!" అని ముసలిది నవ్వింది.

ఆయన పోయాక అత్త నా దగ్గరే ఉండిపోయింది. వచ్చినవాళ్ళందరితో, "నా కోడలు నా కొడుకుని కంట్లో పెట్టుకుని సూసింది," అనేది. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. కాదత్తా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆమె కూడా పోయింది.