కందిరీగ చేసిన పని కాదు

మా బావగారు పోయారన్న కబురు నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పనిలో ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది మా అక్క. పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ స్టవ్ దగ్గరే కూలిపోయారనీ, అంబులెన్స్ వాళ్లు వచ్చేసరికే అంతా అయిపోయిందనీ చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. "రెండ్రోజులుగా ఛాతీ పట్టేసినట్టుందని మా పిల్లతో అన్నారటే. డాక్టర్‌కి చూపించుకోలేదు. ఏదీ చూసుకోని మనిషి కదా" అంది. నేను ఫోన్ పెట్టేసి, గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో పడేశాను. ఏడుపు వెంటనే రాలేదు. అక్క అన్న ఆఖరి మాట చెవిలో ఉండిపోయింది.

చికాగో చుట్టుపక్కల పాత తెలుగు కుటుంబాల్లో మా బావగారిని ఎరగనివాళ్లు లేరు. సొంతంగా చిన్న విమానం కట్టుకుని, మొదటిసారి ఎగిరిన రోజునే దాన్ని విరగ్గొట్టుకున్న మనిషి. పెద్దవాళ్లు ఆయన్ని గ్యారేజీ గరుత్మంతుడు అనేవారు. పిల్లలకి ఆయన కందిరీగ అంకుల్. విమానం గొట్టంలో కందిరీగ గూడు పెడితే చూసుకోకుండా ఎక్కేశాడని కథ. తలా ఒక వంటకం తెచ్చుకుని పాట్‌లక్‌కి కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కథ ఎత్తేవారు, అందరూ నవ్వేవారు. ఆ నవ్వినవాళ్లలో చాలామంది ఇది చదువుతారు. శ్రద్ధగా చదవండి.

ఆయన పనిముట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో డిజైనర్. వెంట్రుకవాసి తేడా వస్తే సరుకంతా వెనక్కి పంపేసే ఉద్యోగం. ఇంట్లోనూ అదే తంతు. ఎవరింటికైనా భోజనానికి వెళితే, అక్కడ టేబుల్ ఊగుతుంటే కాగితం మడిచి దాని కాలికింద పెట్టందే ప్లేటు ముట్టేవారు కాదు. బయటికి బయల్దేరాక వీధి మలుపు దాకా వెళ్లి కారు వెనక్కి తిప్పేవారు, గ్యారేజీ తలుపు పడిందో లేదో చూడడానికి. అక్క విసుక్కునేది. నేను ఆటపట్టించేదాన్ని, తాళి కట్టినప్పుడు మూడు ముళ్లూ లెక్కపెట్టుకున్నారా బావగారూ అని. లెక్కపెట్టాననీ, మీ నాన్నగారు తొందరపెట్టకపోతే ఇంకోసారి కూడా లెక్కపెట్టేవాణ్ణనీ నవ్వకుండా జవాబిచ్చేవారు.

డెబ్భైల మధ్యలో నేను ఈ దేశం వచ్చి చికాగో శివారు షామ్‌బర్గ్‌లో వాళ్లింటి బేస్‌మెంట్‌లో దిగేసరికి గ్యారేజీ నిండా విమానమే. అప్పటికి అది ఉత్త చెక్కల గూడు. ఒక్కరే కూర్చోగల బుల్లి విమానం, నక్షాలు పోస్టులో తెప్పించుకున్నారు. రెండు కార్లూ బయట మంచులో ఉండేవి. పొద్దున్నే అక్క కోటు మీద శాలువా కప్పుకుని కారు అద్దాల మీద మంచు గీకుతుంటే, లోపల రెక్కల తాలూకు చెక్కలు హీటర్ పక్కన వెచ్చగా పడుకుని ఉండేవి. జిగురు ఆరడానికి ఆ వెచ్చదనం కావాలట. తనకంటే ఆ చెక్కలకే ఈయన దగ్గర మర్యాద ఎక్కువని అక్క అందరితో చెప్పేది. అయినా రెక్కలకి గుడ్డ తొడిగిన రోజున తన ఇస్త్రీపెట్టె తనే తెచ్చి ఇచ్చింది. ఆ గుడ్డకి వేడి తగిలితే ముడుచుకుని బిగుస్తుంది. ఒకరు గుడ్డ పట్టుకుని, ఒకరు ఇస్త్రీపెట్టె నడుపుతూ, పెళ్లికి పట్టుచీర సిద్ధం చేసినట్టు ఆ రెక్కని ఇస్త్రీ చేశారు. వాళ్లిద్దరూ అంత సంతోషంగా కలిసి చేసిన పని మళ్లీ నేను చూడలేదు.

గ్యారేజీలో ఆయనకొక నియమం ఉండేది. విమానం మీద ఎవరు చెయ్యి వేసినా, ఏం చేశారో అక్కడున్న నోటుబుక్కులో రాసి పొట్టి సంతకం పెట్టాలి. ఒక మేకు కొట్టినా, ఒక బోల్టు బిగించినా రాయాలి. "మనం చేసింది మనం మర్చిపోతామమ్మా, కాగితం మర్చిపోదు" అనేవారు. అందులో నా సంతకాలు పాతిక దాకా ఉంటాయి. రెక్క చివర గరుకు కాగితం రుద్దాను, తీగ పట్టుకున్నాను, పక్కింటి వాళ్ల దగ్గర బరువు చూసుకునే బాత్రూమ్ స్కేళ్లు అడిగి తెచ్చి చక్రాల కింద పెట్టాను, ఇలాంటివి.

అయిదు చలికాలాలు గడిచాక రెక్కలు ఊడదీసి, ట్రెయిలర్ మీద పశ్చిమాన మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌కి తీసుకెళ్లి, అక్కడి షెడ్డులో మళ్లీ బిగించారు. కట్టడం కంటే సరిచేసుకోవడమే పెద్ద పని అని నాకప్పుడు తెలిసింది. రెండు రెక్కలూ ఒకే వాలులో ఉండాలి, లేకపోతే గాలిలో ఒక పక్కకి ఒరుగుతుంది. నేను రెక్క చివర మట్టపు బద్ద పెట్టి అందులో బుడగ ఎక్కడుందో చెప్పేదాన్ని. ఆయన రెక్క మొదట్లో పల్చటి బిళ్ల ఒకటి పెట్టేవారు, తీసేవారు, ఇంకా పల్చటిది పెట్టేవారు. శనివారం అంతా చేసి కుదిరిందనుకున్నది ఆదివారం మొదటినుంచీ మళ్లీ కొలిచేవారు. నిన్నటి కన్ను మీద నమ్మకం పెట్టుకోకూడదని ఆయన వాదన. ముక్కు బరువెక్కువైందని బ్యాటరీని వెనక్కి జరిపారు. తర్వాత నేలమీదే అటూ ఇటూ వేగంగా పరిగెత్తించి చూశారు. వేగం చూపించే సూది చక్కగా లేచిందని, ఆ రోజు ఇంటికొచ్చి రెండు గరిటెలు ఎక్కువ పెరుగన్నం తిన్నారు.

ఆ సూదికి గాలి అందించేది రెక్క ముందువైపు ఉన్న సన్నటి అల్యూమినియం గొట్టం. పెన్సిలంత ఉంటుంది. ఎదురుగాలి అందులోకి దూరి ఎంత గట్టిగా నొక్కితే అంత వేగమని సూది చెబుతుంది. దాని మూతిలోకి దుమ్ము పోకుండా ఎర్రగుడ్డ తొడుగు తొడిగి ఉంచేవారు. విమానం చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ముందు ఆ గొట్టమే చూపించి, అన్నిట్లోకీ చిన్నదీ, అన్నిట్లోకీ ముఖ్యమైనదీ ఇదేనని చెప్పేవారు. ఆ మాట నేను బాగా గుర్తు పెట్టుకున్నాను.

మొదటిసారి ఎగరబోయే ముందురోజు సాయంత్రం అక్క పూజ చేయించింది. ఆయనకి వాటి మీద పెద్ద నమ్మకం లేదు, అక్క కోసం ఒప్పుకున్నారు. కొబ్బరికాయ కొట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. బొట్లు పెట్టే పని నాకు అప్పజెప్పి అక్క ప్రసాదం పంచడానికి వెళ్లింది. ఆయన బయట పక్క షెడ్డు వాళ్లతో మాట్లాడుతున్నారు. నేను పసుపు తడిపి ముద్దగా కలిపి, ప్రొపెల్లర్‌కి పెట్టాను, రెక్కలకి పెట్టాను. తర్వాత ఆ గొట్టం గుర్తొచ్చింది. అన్నిట్లోకీ ముఖ్యమైనది కదా. తొడుగు తీసి, దాని మూతికి నిండుగా పసుపు అద్ది, పైన కుంకుమ పెట్టి, ఆయన నేర్పినట్టే తొడుగు మళ్లీ జాగ్రత్తగా తొడిగాను. నోటుబుక్కు అక్కడే ఉంది. రాయలేదు. పూజ కూడా విమానం మీద చెయ్యి వెయ్యడమే అని నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున ఆయన విమానం చుట్టూ తిరిగి ప్రతి బోల్టూ తడిమి చూసుకున్నారు. గొట్టం తొడుగు తీశారు. అంచున పసుపూ కుంకుమా కనిపించాయి. తలెత్తి నాకేసి చూశారు. నేను మురిసిపోతూ నిలబడి ఉన్నాను. ఆయన బొటనవేలితో అంచు తుడిచి, ఆ వేలు తన నుదుటికి రాసుకుని నవ్వారు. తుడిచింది బయట. లోపల రాత్రంతా ఆరిన పసుపు గట్టిగా బిగుసుకుని ఉంది. ఇంకొకరెవరైనా నిలబడి ఉంటే ఆయన తప్పకుండా లోపలికి చూసేవారు. నేను పెట్టిన బొట్టుని నా ఎదురుగా తీగతో గీకడానికి ఆయనకి మనసొప్పలేదు.

విమానం తేలిక కాబట్టి తొందరగా లేచింది. సూది కదల్లేదని ఆయన చూసుకునేసరికి చక్రాలు నేల వదిలేశాయి, ముందు రన్‌వే మిగల్లేదు. పొలాల మీద ఒక చుట్టు తిరిగారు. కింద మేమందరం చప్పట్లు కొడుతున్నాం. దిగేటప్పుడు వేగం తెలియక మరీ నెమ్మదిగా వచ్చారు. ఇంటి కప్పంత ఎత్తున విమానం ఒక్కసారిగా పట్టు తప్పి కిందపడింది. ఎడమ చక్రం విరిగింది, ఎడమ రెక్క ముక్కలైంది, ఆయన కుడి మణికట్టు విరిగింది. అయిదేళ్లు కట్టిన విమానంలో ఆయన ఎగిరింది ఆ ఒక్క చుట్టే.

తర్వాత ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టర్ ఒకాయన వచ్చి గొట్టంలో తీగ పెట్టి తవ్వాడు. ఎండిపోయిన పసుప్పచ్చటి పొడి రాలింది. ఇక్కడ వేసవిలో కందిరీగలు ఇలాంటి గొట్టాల్లో మట్టి గూళ్లు పెడతాయి, ఇది మామూలేనన్నాడు. మా బావగారు కట్టు కట్టిన చేతితో పక్కనే ఉన్నారు. ఆ పొడిని చూశారు, నన్ను చూశారు. అవును, కందిరీగేనన్నారు. కట్టినవాడు సరిగా చూసుకోలేదని ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఆ మాట విన్నాను.

ఆ సాయంత్రం అక్క వంటింట్లో ఉండగా ఆయన దగ్గరికి వెళ్లి, బావగారూ ఆ పసుపు అని మొదలుపెట్టాను. పూర్తి చెయ్యనివ్వలేదు.

"చూడాల్సింది నేను. చూళ్లేదు. అక్కడితో అయిపోయింది" అన్నారు. వంటింటి వైపు చూసి, "అక్కతో చెప్పకు. ఈ దేశంలో మీ ఇద్దరికీ మీరిద్దరే ఉన్నారు" అన్నారు.

అంతటితో నా నోరు మూతపడింది. ఆయన వద్దన్నారు కాబట్టే చెప్పలేదని ఇన్నేళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. అసలు సంగతి వేరు. ఆయన వద్దనడం నాకు హాయిగా ఉంది.

అక్క విరిగిన విమానాన్ని అమ్మేయమంది, ఆయన అమ్మేశారు. విస్కాన్సిన్ నుంచి ఎవరో వచ్చి ట్రెయిలర్ మీద పట్టుకుపోయారు. ఆయన మళ్లీ కట్టలేదు. మణికట్టు వంకరగా అతుక్కుంది, ఫ్యాక్టరీలో గీతలు గీసే పనినుంచి కాగితాలు సర్దే పనికి మార్చారు. ఇంట్లో కారు తాళాలు కనపడకపోయినా, పాలు విరిగిపోయినా, తప్పు ఆయనదే. కందిరీగని చూసుకోలేదు, ఇదేం చూస్తారు అనేది అక్క. ఆమె చెడ్డది కాదు. ఆ రోజు మొగుడు కళ్లెదురుగా చనిపోతాడనుకుంది, ఆ భయం ఆమెలో కోపంగా మిగిలిపోయింది. ఆయన మాత్రం ఇంటి తలుపులూ స్టవ్ మీటలూ ఇదివరకటి కంటే ఎక్కువసార్లు చూసుకునేవారు. అది కూడా అందరికీ నవ్వులాటే అయింది.

విమానం పడిపోయాక పుట్టిన వాళ్లమ్మాయికి ఈ వేసవిలో పదహారు నిండాయి. డ్రైవింగ్ నేర్చుకోవాలి. ఆయన వారం ముందే కారు టైర్లలో గాలి చూసి, అద్దాలు తుడిచి సిద్ధంగా ఉన్నారు. ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది.

"పిన్నీ, నువ్వు నేర్పించవా? డాడీతో ఐ డోంట్ ఫీల్ సేఫ్. హీ నెవర్ చెక్స్, యూ నో."

నేర్పించాను. ఆదివారాలు వాళ్లింటికి వెళ్లి, ఆ పిల్లని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి ఖాళీ పార్కింగ్ లాట్లకి తీసుకెళ్లాను. మేము వెళుతుంటే ఆయన డ్రైవ్‌వేలో నిలబడి, అద్దం కొంచెం కిందికి వంచుకోమని పిల్లకి చేత్తో సైగ చేసేవారు. ఆ పిల్ల చూసేది కాదు. నేను చూసేదాన్ని. ఆ క్షణంలో కారు ఆపించి, మీ నాన్న కాదమ్మా, నేను, అని ఒక్క మాట చెబితే సరిపోయేది. సీటు బెల్టు పెట్టుకోమని చెప్పాను.

ఆయన మంచితనం మీద నాకు కోపం ఉంది. నాకు బదులుగా ఆయన తప్పు మోశారు, మోస్తూ నన్ను కూడా అందులో కట్టిపడేశారు. ఒక్కసారి తిట్టి ఉంటే, ఒక్కసారి అక్క ముందు నావైపు వేలు చూపించి ఉంటే నేనిలా అయ్యేదాన్ని కాదు. ఈ కోపం కూడా న్యాయమైంది కాదని తెలుసు. ఆయన కావాలంటే ఎప్పుడైనా చెప్పగలిగేవారు, నేనూ చెప్పగలిగేదాన్ని. ఆయన చెప్పకపోవడం వల్ల పోయింది ఆయన పేరే. నేను చెప్పకపోవడం వల్ల పోయిందీ ఆయన పేరే.

పదకొండో రోజు భోజనాలయ్యాక అక్క నన్ను పక్కకి పిలిచింది. మన సంఘం సంచికలో మీ బావ గురించి వేస్తామంటున్నారు, నువ్వే రాయవే, నువ్వు బాగా రాస్తావు అంది. "నాలుగు మంచి ముక్కలు రాయి చాలు. ఆ విమానం గొడవ మాత్రం ఎత్తకు. పోయినాక కూడా నవ్వుకోవడం ఎందుకు" అంది. సరేనన్నాను. అప్పుడైనా చెబుదామని నోరు తెరిచాను. లోపలినుంచి ఎవరో అక్కని పిలిచారు, వెళ్లిపోయింది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆయన పోయిన పదకొండో రోజున కూడా నాకు హమ్మయ్య అనిపించింది.

ఎదురుగా చెప్పే ధైర్యం లేని మనిషిని కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అది కందిరీగ గూడు కాదు. నేను పెట్టిన పసుపు. ఆయన అన్నీ చూసుకునే మనిషి.

సంచిక మామూలుగా శనివారం పోస్టులో వస్తుంది. తెలుగులో ఏదొచ్చినా అక్క ఇంట్లోకి తెచ్చేదాకా ఆగదు, మెయిల్‌బాక్స్ దగ్గరే నిలబడి విప్పుతుంది. ముందు చదవదు, ఫొటోలు చూస్తుంది. ఆయన ఫొటో ఈ పేజీలో వేయమని నేనే ఇచ్చాను. అక్కడ ఆగుతుంది. మిగతా ఉత్తరాలు చంకలో పెట్టుకుని, తలమీది కళ్లజోడు కిందికి దించుకుని, రోడ్డు పక్కనే నిలబడి చదవడం మొదలుపెడుతుంది.