అయ్యన్న కూలిలో రెండో సగం

"కాలు సగమే ఉండాది గదప్పా, కూలి మాత్రం పూర్తిగా యెందుకు అడుగుతాండావు?"

డోన్‌లో వేరుశనగ మండీ నడిపే బొజ్జన్న ఈ మాట అడిగినప్పుడు అక్కడున్న హమాలీలు నవ్వారు. అడిగించుకున్న అయ్యన్న కూడా నవ్వాడు. నవ్వకపోతే పని దొరకదు. ఏడాది కిందటిదాకా అతనూ ఆ హమాలీల్లో ఒకడే. గూడ్సు పెట్టెలోకి మూట మోస్తుంటే ఎక్కే పలక జారింది. మోకాలి కింద ఎముక నుగ్గయితే కర్నూలు ఆసుపత్రిలో కాలు తీసేశారు. ఇప్పుడతను అడుగుతున్నది మోసే పని కాదు, నిండిన గోతాల మూతి దబ్బనంతో కుట్టే పని.

"కుట్టేది చేతుల్తో గదా సావుకారూ! నా చేతులకేమైంది?"

"చేతుల సంగతి కాదప్పా. పొద్దున్నే రైతు బండి తోలుకొని వస్తాడు. వాకిట్లో నువ్వు ఎదురైతివంటే ఎద్దుల్ని పక్క మండీకి మళ్లిస్తాడు. నా బోణీ నువ్విస్తావా?"

బొజ్జన్నను దుర్మార్గుడనడం సులువు. నిజానికి అతడు భయస్థుడు. నష్టమొస్తుందని భయం, నలుగురూ నవ్వుతారని భయం. భయపడే యజమానికి ధైర్యం చెప్పే బాధ్యత కూడా కుంటివాడి నెత్తినే పడింది. అయ్యన్న అదీ మోశాడు. పొద్దున మొదటి తూకం పడేదాకా ఎవరికంటా పడకుండా గోతాల వెనక కూర్చుంటానన్నాడు. రోజుకు పన్నెండు అణాల కూలిలో ఆరు చేతికిస్తే చాలన్నాడు. మిగతా ఆరూ సావుకారు దగ్గరే ఉంచుకొని, పని నచ్చితే ఉగాదికి ఇమ్మన్నాడు.

ఇంట్లో చెబితే భార్య గిడ్డమ్మ నెత్తి కొట్టుకుంది. "సగం ధరకు ఎద్దునమ్మితే మిగతా సగం యెవడన్నా ఇంటికి తెచ్చిస్తాడా?"

"ముందు నమ్మకం కుదరాల గదే. కుదిరితే నన్ను పూర్తి మనిషి కింద లెక్క కడతాడు."

నమ్మకం కుదిరింది. పంట చేతికొచ్చే సుగ్గి నాలుగు నెలల్లో అతను కుట్టిన గోతం ఒక్కటీ విప్పుకోలేదు. మొదటి తూకం పడ్డాక బయటికొచ్చే అతన్ని చూసి బండ్లూ మళ్లిపోలేదు. రైతుకు కావలసింది ధర గానీ అయ్యన్న కాలు కాదు. బొజ్జన్నకు ధైర్యమొచ్చింది. "నీలాంటోళ్లు ఇంకెవరన్నా ఉండారేమప్పా?" అని తానే అడిగాడు. అయ్యన్న పొంగిపోయి, పుట్టు చెవిటివాడైన ఓబులేసును తీసుకొచ్చాడు.

"పిలిస్తే పలకడే వీడు!" అన్నాడు బొజ్జన్న.

"పలికేటోడు పని ఆపి పలుకుతాడు సావుకారూ. వీడు ఆపడు."

ఓబులేసును పక్కన కూర్చోబెట్టుకొని, చెయ్యి పట్టి, కుట్టు నేర్పాడు.

అప్పట్లో కర్నూలు రాజధాని. అధికారులకు సభలంటే మక్కువ. ఉగాదికి ముందు డోన్‌లోనూ ఒకటి పెట్టి, వికలాంగులకు బతుకు చూపిన వర్తకుడని బొజ్జన్నకు శాలువా కప్పారు. నాలుగు నెలలు ప్రతి పొద్దునా గోతాల వెనక దాచిన మనిషిని వేదిక మీద ముందు నిలబెట్టారు. వెనక వరుసలకూ కనబడాలని పంచె ఎత్తమన్నారు. ఎత్తాడు. చప్పట్లు కొట్టారు. రెండు మాటలు చెప్పమని అధికారి అంటే అయ్యన్న ఒక్కటే చెప్పాడు.

"ఉగాది వచ్చె సామీ. ఆ రెండో సగం ఇప్పించండి."

బొజ్జన్న తడబడలేదు. రైతు తెచ్చిన ప్రతి గోతానికీ ఇంత అని మండీలో ధర్మం కోసుకోవడం ఆనవాయితీ. గుడి దీపానికనీ చలివేంద్రానికనీ చెబుతారు.

"నీకిచ్చిందంతా ఆ ధర్మం దుడ్లే గదప్పా," అన్నాడు మెత్తగా. "కూలి అయితే బాకీ ఉంటాది. ధర్మానికి బాకీ యాడుంటాది?"

సభ గొల్లుమంది. కృతజ్ఞత గొప్ప గుణమని చెప్పి అధికారి ముగించాడు. ఎవరు ఎవరికి చూపాలో విడమరచలేదు. భోజనాల వేళయింది.

మరుసటి పొద్దున అయ్యన్న చోట ఓబులేసు కూర్చున్నాడు, అయిదు అణాలకు.

"యెట్లాంటోడైనా పని చేస్తాడని నువ్వే చూపిస్తివి గదప్పా. నమ్మినా," అన్నాడు బొజ్జన్న.

"ఒరే ఓబులేసూ!" అని అయ్యన్న అరిచాడు. మూటలెత్తుతున్న హమాలీలు తిరిగి చూశారు. ఓబులేసు తల ఎత్తలేదు. దబ్బనం పోతూ వస్తూనే ఉంది.

"ఎద్దు ధరలో మిగతా సగం ముట్టిందా?" అని ఇంట్లో గిడ్డమ్మ గంజి పోసింది.

మిగతా మండీలకూ ధైర్యం పాకింది. కుంటివాళ్లకు, చెవిటివాళ్లకు అయిదు అణాల చొప్పున పని దొరికింది. పన్నెండు అణాలు అడిగిన అయ్యన్నకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పై ఏడు సుగ్గి మొదలుకాగానే అతను కర్ర పట్టుకొని, బోణీకి ముందే, బొజ్జన్న వాకిట్లో బండ్లకు ఎదురుగా నిలబడ్డాడు. తనను చూసి ఎద్దులు మళ్లితేనన్నా సావుకారు దిగివస్తాడనుకున్నాడు.

"పక్కకు జరుగు పెద్దాయనా, చక్రం కింద పడతావు!" అని అరిచి బండివాళ్లు లోపలికి తోలుకుపోయారు. కుంటివాడు ఎదురైతే అపశకునమన్న భయం పోగొట్టింది అతనే. ఒక్క బండీ మళ్లలేదు.

బొజ్జన్న అయ్యన్నకు ఇవ్వవలసిన నలభై అయిదు రూపాయలు ఇంకా బాకీనే.