దస్తగిరి అనే ఎనిమిదో కొండ

స్వామివి ఏడు కొండలని మీరంతా చదువుకునే ఉంటారు. ఎనిమిదోదాన్ని పుట్టించి, దాన్ని వెతుక్కుంటూ చంటిబిడ్డతో మెట్లెక్కి, నడుమూ పరువూ రెండూ పోగొట్టుకున్న మహాతల్లిని నేనే.

అప్పటికింకా తెల్లవాళ్ల దొరతనమే. నాకు కడుపు నిలవకపోతే, దర్గాకు పోయి, బిడ్డ దక్కితే పీరుస్వామి పేరే పెట్టుకుంటానని అత్తకు తెలియకుండా మొక్కాను. కొడుకు దక్కాడు. పుట్టింట్లో ఉండగానే దస్తగిరి అని పిలిచేశాను. ఉయ్యాల దగ్గర మా అత్త అడగనే అడిగింది.

"ఈ పేరు యాడిదిమ్మే?"

నుదుటి నామం చెరగనివ్వని మనిషి ఆమె. నిజం చెబితే మళ్లీ పుట్టింటికే తోలేస్తుందని నా భయం. మూడో తరగతి దాకా వెలగబెట్టిన పండితురాలిని కదా, శేషగిరి మాదిరి ఇదీ స్వామి కొండ పేరేనని తేల్చేశాను.

"అట్లయితే ఆ కొండకాడ టెంకాయ కొట్టల్ల" అంది అత్త.

బండి బాడుగ దండగని చంద్రగిరి వైపు నుంచి నడక పెట్టించింది నా పొదుపే. చంకలో బిడ్డ, సంచిలో ఇంటి టెంకాయ. మలుపు మలుపుకూ అత్త ఆగి "ఇదేనామ్మే దస్తగిరి?" అంటుంది. ఇంకా పైన అంటాను. దిగొచ్చేవాళ్లను నిలేసి అడుగుతుంది. పాపం, మొక్కు తీర్చుకుని దిగుతున్న గుండ్లన్నీ తడుముకున్నాయి. ఒక పెద్దాయన మాత్రం, తెలియదనడం నామోషీ అయి, ఆ కొండను చిన్నప్పుడు చూశానన్నాడు. అలాంటి కొండ నిజంగానే ఉందేమోనని నాకే అనుమానమొచ్చింది.

ఇక లాభం లేదని ఏదో గుట్ట చూపించాను. అత్త దాన్ని తీరిగ్గా చూసింది.

"సరే. నీ మొగుడి పేరేంది?"

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని, ఆ పేరును నోట్లోకే కాదు, తలలోకి కూడా రానివ్వని పతివ్రతను నేను.

"నేను చెప్తా. మస్తానప్ప. అది యే కొండమ్మే? నువ్వు మొక్కిన ఆ దర్గాలోనే మొక్కి కన్నాను వాణ్ణి. దస్తగిరంటే చెయ్యి పట్టుకోని ఆదుకొనేవాడని ఆ దర్గా ముసలాయన నాకెప్పుడో చెప్పినాడు. నిజం చెప్తావేమోనని ప్రతి మలుపులో అడిగితిని. నా కాళ్లరిగినాయి గాని నీ అబద్ధం అరగలా."

చెయ్యి పట్టుకుని ఆదుకునేవాణ్ణి చంకనేసుకుని కొండంతా దిగాను. టెంకాయను మాత్రం వృథా పోనివ్వలేదు, ఇంటికి తెచ్చి పచ్చడి నూరాను.

ఏడుకొండలవాడి సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో మరో కొండను పుట్టించను. ఉన్న ఏడే నా మోకాళ్లకు ఎక్కువ.