నీలవేణి కుండ నీళ్ళు

ఇదివరకు పొద్దున్న లేవగానే నా మొదటి పని సీసా కడగటం. లీటరు కూల్‌డ్రింకు సీసా. అందులో గుప్పెడు బియ్యం, కాసిని గోరువెచ్చని నీళ్ళు పోసి గలగలా ఊపి పారబోసేదాన్ని. ఆటోలో వచ్చే కేను నీళ్ళు మెడదాకా పట్టి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకుని చూసేదాన్ని. ఒక్క చుక్క కారలేదని నమ్మకం కుదిరాకే మా పాప మోహిని బడి సంచిలో పెట్టేదాన్ని. ఇప్పుడా పని లేదు. సంచిలో స్టీలు గ్లాసు వెళుతోంది, ఖాళీగా. అది కూడా మోహినే పెట్టుకుంటుంది. పొద్దున్నే నా చేతులకి ఏం చెయ్యాలో తోచదు.

ఆ పని నా చేతిలోంచి తీసేసింది నీలవేణి. మా ఊరి ఎలిమెంటరీ బళ్ళో ఆయమ్మ. ఆవిడ గురించే ఇది. ఆవిడంటే నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తే నయం.

మాది కవిటి దాటాక కొబ్బరి తోటల్లో ఉన్న ఊరు. మా ఆయన ధనరాజు కాయల బేరం చేసేవాడు. కిడ్నీలు పాడై రెండేళ్ళ కిందట పోయాడు. ఎందుకు పాడయ్యాయో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. మా ఉద్దానంలో అందరిలాగే మేమూ నీళ్ళనే అనుమానించాం. డయాలసిస్ మొదలయ్యాక ఆయనకి రోజుకి ఇన్ని నీళ్ళే అని లెక్క పెట్టారు. మందుసీసా మూతతో కొలిచి నేనే ఇచ్చేదాన్ని. "ఇంకొక్క గుక్కే కాంతం" అనేవాడు. ఇచ్చేదాన్ని కాను. అందుకే ఆయన పోయాక మోహినికి మెడదాకా సీసా నింపేదాన్ని. బయట నీళ్ళు ముట్టనని నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాను. అప్పటికి దానికి ఆరేళ్ళు.

నీలవేణిది భావనపాడు. సముద్రం ఒడ్డున పుట్టింది, ఐదో తరగతి దాకా చదివింది. మా ఊరికి అవతల సముద్రం వైపు ఉన్న పేటలో సోములుకిచ్చి చేశారు. సోములు ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ వైపు బోట్ల మీద వేటకి పోతాడు. పెళ్ళై పదకొండేళ్ళయినా పిల్లల్లేరు. మనిషి నల్లగా, పొడుగ్గా ఉంటుంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి నడుస్తుంది. గొంతు మాత్రం హార్బరులో వేలంపాట పాడే గొంతు. ఆవిడ బడి వరండాలో మాట్లాడితే మా వంటింట్లోకి వినబడుతుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకి సోములు ఫోను చేస్తాడు. స్పీకరు పెట్టి, "ఓ మావా, మా పిల్లలకి బోటు సూపించు" అంటుంది. పిల్లలు గుంపుగా మూగి ఫోనులో బోటు చూస్తారు. ఆ వేళకి నేను మా ఆయన ఫోటో ముందు కూర్చుని ఉంటాను. ఆ నవ్వులు మా ఇంట్లోకి వచ్చేస్తాయి.

ఆయమ్మ పని బడి ఊడ్చటం, మరుగుదొడ్లు కడగటం. ఆవిడ అక్కడితో ఆగే రకం కాదు. బడి ముందు చిప్స్ కవర్లు, చాక్లెట్ కాగితాలు రోజూ ఊడ్చి ఊడ్చి విసిగి, పాడైన వల ముక్క తెచ్చి, వెదురు బద్దలు వంచి, మనిషంత చేపని అల్లింది. బాదం చెట్టు కొమ్మకి వేలాడదీసింది. నోరు తెరుచుకుని ఉంటుంది చేప. కవర్లన్నీ దాని నోట్లో వెయ్యాలి. తరగతికో వారం. ఏ తరగతి వారంలో చేప కడుపు నిండితే ఆ తరగతి గెలిచినట్టు.

మొదట్లోనే కొంప మునిగింది. కవర్ల కోసం పిల్లలు చిప్స్ కొనుక్కోవటం మొదలెట్టారు. మూడో తరగతి పిల్లలైతే కొట్టు శ్రీనివాస్ దగ్గర దండలు దండలుగా కొని, లోపలున్నవి కుక్కలకి పోసి మరీ కవర్లు తెచ్చారు. శ్రీనివాస్ నీలవేణికి ఎదురొచ్చి దణ్ణం పెట్టాడట, "అప్పా, ఇంకో సేప అల్లకూడదేటి" అని. నీలవేణి నుదురు కొట్టుకుని నవ్విందట.

"వల నిండితే పండగనే బుద్ధి నాది. మా నాన్న నేర్పిన బుద్ధి ఇక్కడికి తెచ్చీసినాను. ఒలే పిల్లలూ, ఇకనుంచి సేప ఖాళీగుంటేనే గెలుపు!"

ఇవన్నీ నాకు మోహినే చెప్పింది. మూడో తరగతి. ఆ కుక్కలకి చిప్స్ పోసినవాళ్ళలో అదీ ఉంది. చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళ నాన్న పోయాక అంతలా నవ్వటం అదే. నేను రెండేళ్ళు తిప్పలు పడి ఒక్క నవ్వు రప్పించలేకపోయాను. ఆవిడ పాత వలతో రప్పించింది. సంతోషించాలి గదా తల్లిని? నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత మా ఇంట్లో అన్నీ ఆవిడ మాటలే. పళ్ళెం కడిగిన నీళ్ళు మురిక్కాలవలో పొయ్యకూడదంట, నీలవేణత్త చెప్పింది. కొట్టుకి గుడ్డసంచి పట్టుకెళ్ళాలంట, నీలవేణత్త చెప్పింది. మా అత్త, పేరు పెద్దతల్లి, వసారాలో కూర్చుని వక్క నములుతూ అనేది.

"ఒలే కాంతం, నీ కూతురు ఇంటికొత్తే నీలవేణి కూడా ఎంట వత్తంది. ఇంకో కంచం ఎట్టే."

నేను నవ్వలేదు.

మోహిని పుట్టినరోజుకి చాక్లెట్లు పంచకూడదన్నారు బళ్ళో, కాగితాలు పడతాయని. ఇంట్లో చేసినవి తేవాలి. నాలుగు కాయలు కోరి, బెల్లం పాకం పట్టి అరవై కొబ్బరుండలు చేశాను. రెక్కలు పడిపోయాయి. డబ్బా నేనే మోసుకెళ్ళాను, నా కళ్ళముందు పంచుతుందని. మోహిని మొదటి ఉండ తీసి నేరుగా వరండా చివరికి పరిగెత్తింది. చీపురు పట్టుకుని వంగి ఉన్న నీలవేణి నోట్లో పెట్టింది. రెండోది సుధ టీచరుకి. నాగసుధ టీచరే బడికి పెద్ద. నాకు చిట్టచివర్న, డబ్బాతో పాటు.

"వదినా, పాకం బలే కుదిరిందే! నాకూ నేర్పవా?" అంది నీలవేణి, నోట్లో ఉండతోనే.

"మీ ఊళ్ళో కొబ్బరికాయలు లేవేటి?" అన్నాను. ఆవిడకి గుచ్చుకోలేదు. గుచ్చుకోనందుకు నాకింకా కోపం వచ్చింది.

దసరా సెలవులయ్యాక సీసాల రూలు వచ్చింది. బడికి ప్లాస్టిక్ సీసాలు తేవద్దు, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోండి, తాగే నీళ్ళు కుండలో ఉంటాయి అని సుధ టీచరు చీటీ రాసి పంపారు. నేను చీటీ మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. సీసాకి మా ఆయన పాత తువ్వాలు చుట్టి, సంచిలో పుస్తకాల అడుగున దాచి పంపాను. సాయంత్రం సీసా ఖాళీగా వచ్చేది. చూసి మురిసేదాన్ని. అన్నీ ఆవిడ మాటే విన్నా, నీళ్ళు మాత్రం నావే తాగుతోంది నా పిల్ల.

నెల తిరక్కుండా ఒకరోజు మధ్యాహ్నం ఆధార్ కార్డు కాపీ ఇవ్వమంటే బడికి వెళ్ళాను. ప్రహరీ పక్కన చిక్కుడు పాదు దగ్గర మోహిని వంగి ఉంది. చేతిలో నా సీసా. పాదు మొదట్లో నీళ్ళన్నీ పోసేసి, చుక్కలు విదిలించి, తువ్వాలు జాగ్రత్తగా చుట్టి సంచిలో పెట్టుకుంది. అప్పుడు గ్లాసు పట్టుకుని కుండ దగ్గరకి వెళ్ళింది. నీలవేణి పోసింది. గటగటా తాగింది.

నా కాళ్ళు నన్ను ఎలా తీసుకెళ్ళాయో తెలీదు.

"ఏటి తాగిత్తన్నావు నా పిల్లకి?"

నీలవేణి ఉలిక్కిపడి లేచింది. "నీల్లే వదినా."

"ఏ నీల్లు?"

"ప్లాంటు నీల్లు. మీ ఇంటికి కేనొత్తాది సూడు, ఆ ప్లాంటు కాడే నానూ పట్టుకొత్తాను. పొద్దున్న రెండు బిందెలు. సాయంత్రం మిగిలినవి పాదులకి పోసీసి కుండ కడిగీత్తాను."

"ఎవులు సూడొచ్చారు?"

"ముందు నానొక గలాసు తాగి, అప్పుడే పిల్లలకి పోత్తాను. అడుగు టీచరమ్మని."

"నువ్వు తాగితే నాకేటి? నీకేటి తెలుత్తాది పిల్ల పోతాదన్న బయం? నీ కడుపున ఒకటి పుడితే తెలిసేది. ఊరోల్ల పిల్లల్ని పోగేసుకుని ముచ్చట తీర్చుకుంటన్నావు."

అనేశాను. నీలవేణి కుండ మీద మూత సర్ది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దొడ్ల వెనక్కి వెళ్ళిపోయింది. మోహిని గ్లాసు పట్టుకుని నన్ను చూస్తోంది. సుధ టీచరు బయటికొచ్చి, "కాంతమ్మగారూ, ఇంటికి వెళ్ళండి" అన్నారు. మర్యాదగానే అన్నారు.

నిజం చెప్పాలంటే ఇంటికొచ్చేటప్పుడు నాకు హాయిగా అనిపించింది. గెలిచాననుకున్నాను. మర్నాడు సీసా తువ్వాలు చుట్టకుండా, బాహాటంగా సంచిలో పెట్టాను. మోహిని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మూడు రోజులు పోయాక మా అత్తే పసిగట్టింది. "ఒలే, పిల్ల పెదాలు సూడే, పేలిపోయినాయి." ఆ సాయంత్రం మోహిని గుమ్మంలోకి వస్తూనే కేను కింద గ్లాసు పెట్టి, వరసగా నాలుగు గ్లాసులు తాగింది. సంచి తీసి చూశాను. సీసా నేను బిగించిన మూతతో అలాగే ఉంది, మెడదాకా.

"బళ్ళో ఏటి తాగినావే?"

"ఏటీ తాగలేదు."

"నిన్న?"

"నిన్నా తాగలేదు. ఆ రోజు కాణ్ణించీ తాగలేదు."

"ఏటమ్మా అది?"

"కుండ నీల్లు తాగితే నువ్వు ఏడుత్తావు. సీసా నీల్లు తాగితే నీలవేణత్త ఏడుత్తాది. అందుకని మానీసినాను. ఇంటికొచ్చి తాగుతన్నాను గదా."

మా ఇంట్లో ఒక మనిషి నీళ్ళ కోసం ఎలా చూశాడో నాకు తెలుసు. అప్పుడు డాక్టరు చెప్పాడని ఇవ్వలేదు. ఇప్పుడు నా పిల్ల నోరు కట్టేసింది ఏ డాక్టరు? ఆ రాత్రి అన్నం సహించలేదు. దాని పక్కనే పడుకుని పెదాలకి కొబ్బరినూనె రాశాను. అది నిద్రలో మూతి తిప్పుకుంది.

మర్నాడు సీసా కడగలేదు. పదిన్నర బెల్లుకి బడికి వెళ్ళాను, చేతిలో మా ఇంటి గ్లాసు. కుండ దగ్గర పిల్లలు వరసలో ఉన్నారు. మోహిని వరసలో లేదు, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. నేను వెళ్ళి ఆఖరున నిలబడ్డాను. ముందున్న పిల్లలు తిరిగి తిరిగి చూసి కిసుక్కుమన్నారు. నా వంతు వచ్చింది. నీలవేణి తలెత్తింది. మెతకగా చూస్తుందనుకున్నాను. అలా చూడలేదు.

"ఏటి కావాలి?"

"నాకో గలాసు పొయ్యి."

పోసింది. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇల్లు దాటి గుక్కెడు నీళ్ళు తాగలేదు నేను. కాశీబుగ్గ బజారుకి వెళ్ళినా ఎండుగొంతుతోనే తిరిగొచ్చేదాన్ని. గ్లాసు పెదవికి తగిలాక ఒక క్షణం ఆగాను. స్తంభం దగ్గర్నుంచి మోహిని నన్నే చూస్తోంది. తాగాను. చల్లగా ఉన్నాయి, మట్టి వాసనతో. బాగోకూడదని ఎంతో కోరుకున్నాను. బాగున్నాయి.

"ఇంకో గలాసు" అన్నాను.

"అమ్మా, రెండోసారికి లైను ఎనక్కి ఎల్లాలి! రూలు!" మోహిని అరిచింది. పిల్లలంతా ఒక్కటే నవ్వు. నేను వెళ్ళి మళ్ళీ ఆఖరున నిలబడ్డాను. నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే మోహిని, గ్లాసుతో.

పిల్లలు లోపలికి వెళ్ళాక, "ఆ రోజు నానన్న మాట..." అని మొదలెట్టాను.

"మా పేటలో ఆడోల్లు తిట్టుకుంటే సముద్రం మీదున్నోల్లకి ఇనబడతాది వదినా. తిట్లు నాకు కొత్తేటి?" అంది, కుండ చుట్టూ నేల తుడుస్తూ. తల ఎత్తకుండానే మళ్ళీ అంది: "అయితే ఆ ఒక్క మాటా ఇంకెవుల్నీ అనకు."

"అనను."

"పాకం ఎప్పుడు నేర్పుతావు?"

"ఆదివారం రా."

వచ్చింది కూడా. పాకం తీగ రాకముందే కొబ్బరి వేసేసి పాడుచేసింది. నాకు ఎంత హాయిగా ఉందో. మా అత్త ఆ గట్టిపడని ముద్దంతా చెంచాతో తినేసి, ఇదే బాగుందంది.

కుళ్ళు పోయిందా అంటే పోలేదు. మొన్న శుక్రవారం మోహిని బడి నుంచి కొత్త జడలతో వచ్చింది. ఆటల్లో జుట్టు ఊడిపోతే నీలవేణి వేసిందట. పాపిడి వంకరగా ఉంది, ఒక జడ చెవి మీదకి, ఒకటి మెడ మీదకి. దీపాలవేళకి ముందు దాని జడలు విప్పి, చిక్కు తీసి, నూనె రాసి మళ్ళీ అల్లటం రోజూ నా పని. ఆ గంటసేపే అది పూర్తిగా నాది. ఆ పూట కూడా దువ్వెన పట్టుకుని పీట వేసుకుని కూర్చున్నాను. మోహిని వచ్చి నా కాళ్ళ మధ్య కూర్చుంది. రిబ్బను ముడి మీద వేలు పెట్టాను.

"ఇప్పీత్తావా?" అంది. మెడ బిర్రుగా పెట్టింది.

వంకర పాపిడి మీద వేలితో ఒకసారి రాసి, దువ్వెన గూట్లో పెట్టేశాను. ఆ జడలు ఆ పూట విప్పలేదు.