బేడలు ఉడికిన వీధి

1953లో కర్నూలు రాజధాని అయినాక అద్దెలు పెరిగినాయి. మా ఇంటి ఓనరు నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. సొంతిల్లు కొందామని బయలుదేరితే మా అమ్మ ఇల్లు చూడదే! ఏ పేటకు పోయినా ఆ వీధి బావినీళ్లు తోడించి, ఎవరింటి పొయ్యి మీదనో గుప్పెడు కందిబేడలు, అదే కందిపప్పు, ఉడికించి చూస్తుంది. ఉప్పునీళ్లలో బేడలు ఉడకవు, మాకు ఇల్లు కుదరదు.

"కాపురం గోడలతో చేస్తామా, నీళ్లతో చేస్తామా?" అనేది.

చివరికి ఒక వీధిలో బేడలు వెన్నలా ఉడికినాయి. సంబరంగా పోతే, ఇల్లు అమ్మే పెద్దాయన తల గీక్కున్నాడు.

"ఇప్పుడే ఇంకొకాయనకు మాటిచ్చినానప్పా. ఆయన బావి యాడుందో గూడా అడగలే."

పప్పుగిన్నె మోసుకొని వెనక్కి నడిచినా. పక్కన అమ్మ: "ఎంత మెత్తగా ఉడికినాయో చూసినావా?"

"చూసినాలేమ్మా. నెలాఖరుకు ఈ గిన్నెలోకే మారదాం."