తోట దాటిన మూడు కాయలు

మా చిన్నప్పుడు... ఆదివారం వస్తే చాలు, నాన్న తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేత్తో మరచెంబు పట్టుకుని వాకిట్లో నిలబడేవారు. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని, పులిహోర డబ్బా సర్దుకుంటూ వచ్చేది. నా భుజానికి తమ్ముడి గుడ్డల సంచి. అలా బయల్దేరేది మా షికారు...

ఎనభైల్లో మాట. నాన్నకి బందరు నుంచి నూజివీడు బదిలీ అయిన కొత్త. నాకు ఏడేళ్ళు, తమ్ముడికి ఏడాదిన్నర. అమ్మకి మాత్రం ఊరు బొత్తిగా నచ్చలేదు. బందరులో గోడ మీంచి పిలిస్తే పలికే చుట్టాలుండేవారు. ఇక్కడ నాన్న ఆఫీసుకి వెళ్తే సాయంత్రం దాకా మాట్లాడే మనిషి లేదు. వీధి చివరి కొట్టుకి కూడా ఒక్కతే వెళ్ళేది కాదు.

చివరికి నాన్నే ఒక మాటన్నారు... బళ్ళు తెరిచేలోగా ఊరు నచ్చితే సరే, లేకపోతే పిల్లల్ని తీసుకుని బందరు వెళ్ళిపొమ్మని, తాను ఇక్కడ ఒక గది తీసుకుని ఉంటానని. నాన్న లేకుండా ఉండటమంటే నాకు ఏడుపొచ్చేది.

అందుకే పాపం ఈ షికార్లు. పెళ్ళిచూపుల్లో పిల్లని చూపించినట్టు ఊరిని అమ్మకి చూపించేవారు. ఒక వారం కోట వైపు, ఒక వారం బస్సెక్కి మైలవరం... అమ్మ అన్నీ చూసి "బాగానే ఉంది" అనేది. అంటే బాగాలేదని నాకు కూడా తెలిసిపోయేది.

మే నెలలో రెడ్డిగూడెం దారిలో ఒక మామిడి తోటకి తీసుకెళ్ళారు. తోట ఎవరో షావుకారు కౌలుకి తీసుకున్నాడు. దానికి కాపలా ఉండే వెంకాయమ్మ, ఆమె మొగుడు తోటలోనే పాక వేసుకుని ఉండేవారు.

వెంకాయమ్మ ముందే చెప్పింది. "కడుపు నిండా తినండమ్మా... కాయ మాత్రం తోట దాటకూడదు. దాటితే షావుకారు మా ఆయన్నంటాడు."

ఒక్క కాయ కూడా బయటికి తీసుకెళ్ళం అని అమ్మ మాటిచ్చింది.

రసాలంటే కోసుకు తినేవి కావు కదా... మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క పిండేసి జుర్రుకోవడమే. రసం మోచేతుల దాకా కారేది. అమ్మ నాలుగు తిని, చెట్టు కింద చతికిలబడి, వెంకాయమ్మతో గంటసేపు మాట్లాడింది. ఊరు కొత్త, తోచదు, పిల్లలతో విసుగు... అన్నీ చెప్పుకుంది. నూజివీడు వచ్చాక అమ్మ అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే నాకు మహా తెలివి పుట్టింది. కింది కొమ్మన వేలాడుతున్న మూడు పచ్చికాయలు తెంపి, గౌను లోపల వేసుకుని, జారిపోకుండా పైనుంచి సంచి గట్టిగా హత్తుకున్నాను. బస్సులో నాన్న "బంగారుతల్లి, తమ్ముడి సంచి ఎంత జాగ్రత్తగా పట్టుకుందో" అని మురిసిపోయారు కూడా. ఇంటికి రాగానే మూడూ బియ్యం డబ్బాలో కప్పెట్టేశాను... మాగుతాయని.

బందరు పిల్లకి సొన సంగతి ఏం తెలుసు? తెంపిన కాయ ముచ్చిక దగ్గర కారే సొన ఒంటికి తగిలితే పొక్కుతుందని తోటల ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. సాయంత్రం స్నానానికి అమ్మ గౌను విప్పేసరికి పొట్టంతా ఎర్రగా పొక్కులు. వేణ్ణీళ్ళు పడగానే కెవ్వుమన్నాను. ముందు చీమలు కుట్టాయన్నాను... అమ్మ అలాగే చూస్తుంటే నిజం చెప్పేశాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పొక్కులకి కొబ్బరినూనె రాసి, బియ్యంలోంచి కాయలు తీసి గూట్లో పెట్టింది.

మర్నాడు నాన్న మొదటి బస్సుకే క్యాంపుకి వెళ్ళారు. అమ్మ నాకు జడ వేసి, తమ్ముణ్ణి చంకనేసుకుని, కాయలు సంచిలో వేసుకుని, ఇంటికి తాళం పెట్టింది. వీధి చివరి కొట్టు దాటింది... బస్టాండులో ఇద్దర్ని అడిగి బస్సెక్కింది. దిగాల్సిన చోటు వస్తే చెప్పమని కండక్టరుకి రెండుసార్లు చెప్పింది. దిగాక ఒకసారి దారి తప్పి, మళ్ళీ వెనక్కొచ్చి, ఆ ఎండలో తోట పట్టుకుంది. మా అమ్మ అంత ధైర్యస్తురాలని నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్ళలో అంతకంటే గొప్పమనిషిని నేను చూడలేదు, అంతే.

వెంకాయమ్మ కాయల వంక చూసి, నా వంక చూసింది.

"మూడు కాయల కోసం బస్సెక్కొచ్చారా అమ్మా?"

"మాటిచ్చానుగా..." అంది అమ్మ.

"నేను నిన్ననే చూశానమ్మా, పిల్ల తెంపుతుంటే. ఊరు కొత్తని అంత బాధపడ్డారు... మీ ముందు పిల్లని పట్టుకుని దులిపితే మీ మనసు నొచ్చుకుంటదని ఊరుకున్నా. షావుకారు అడిగితే మేమే తిన్నామందామనుకున్నాం."

అమ్మ కాయలు ఆమె చేతుల్లో పెట్టింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

నాకు మాత్రం వెంకాయమ్మ చేత చీవాట్లు తప్పలేదు. తెంపిన కాయని ముచ్చిక కిందికి ఉండేలా పెట్టి సొనంతా కారనివ్వాలట. దొంగతనమైనా పద్ధతిగా చెయ్యమంది. అంటూనే పొక్కులకి వెన్న రాసి, ముగ్గురికీ మజ్జిగ ఇచ్చింది.

సాయంత్రం నాన్న వచ్చి ఇంకా చెప్పులు విప్పుకుంటున్నారు. అమ్మ మంచినీళ్ళు అందిస్తూ...

"పిల్లదాని పేరు ఇక్కడి బళ్ళోనే రాయించండి," అంది.

నాన్న ఒక కాలి చెప్పుతోనే ఇంట్లోకి వచ్చేశారు. ఆ తర్వాత పదకొండేళ్ళున్నాం ఆ ఊళ్ళో.

ఇప్పుడు రసాలు ఫోనులో నొక్కితే అట్టపెట్టెలో గుమ్మంలోకొస్తున్నాయి... సొన కూడా తుడిచేసి. తోటల చుట్టూ కంచె, గేటుకి కెమెరా. కెమెరాకి దొంగ కనపడుతుంది గానీ, దొంగ వాళ్ళమ్మ మనసు కనపడదు కదా...

కొత్తగా వెళ్ళిన ఊళ్ళో మీ అమ్మ మనసు నొచ్చుకోకుండా కాపాడినవాళ్ళు మీకూ ఉండే ఉంటారు. వాళ్ళ పేరు కింద రాయండి. మొదటి పేరు నేను రాస్తున్నాను...

వెంకాయమ్మ.