సముద్రానికి పురిటికి పోవాల్సిన మలుగు

సుందరి పంతులమ్మ పుట్టింది బాపట్ల అవతల సముద్రపొడ్డున. కాపురానికి వచ్చింది గురజాల తాలూకాలో నాగులేటి పక్కనున్న ఊరికి. అక్కడంతా నాపరాళ్లు, మిరపచేలు, ఎండాకాలం వస్తే బిందెలు పట్టుకుని పరుగులు. సముద్రమంటే ఆ ఊళ్లో సగం మందికి ప్రార్థనలో వినపడే మాట, మిగతా సగానికి అదీ కాదు. అలాంటి చోట మిషను బడిలో ఒకటో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టుకుని సముద్రాన్ని చల్లగా చూసుకోవాలని ఆవిడ చెప్పింది. ఊరు నవ్వింది. నవ్వడానికి ఖర్చేముంది కనక!

పాఠంలా చెబితే ఎవరు వింటారు? కథగా చెప్పింది. ఏరు ఎండినా నల్లబండల కింద ఒక మడుగు మిగిలేది. అందులో చెయ్యంత లావు మలుగు ఒకటి ఉండేది. మలుగు చూడటానికి పామే గాని, నిజానికి చేప. అది తల బయటపెడితే చాలు, పిల్లలు రాళ్లు రువ్వేవాళ్లు.

"అది మీకేం చేసిందిరా?" అని అడిగింది సుందరి. "అది పుట్టింది మా సముద్రంలో. దారప్పోగంత పిల్లగా ఉన్నప్పుడు కృష్ణలో ఎదురెక్కి, మన ఏట్లోకి మళ్లి ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు కడుపుతో ఉంది. తొలి వరద రాగానే పుట్టింటికి పురిటికి పోద్ది. పురిటికి పోయే మనిషిని రాళ్లెట్టి కొడతారా ఎవరన్నా?"

కొట్టరు. ఆ మాట పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్కలు, పిన్నులు పొట్టలు పట్టుకుని బండెక్కి పుట్టింటికి రావడం వాళ్లు చూసినదే. ఆనాటి నుంచి ఆ చేప వాళ్లకు మలుగవ్వ అయింది. ఎండలు ముదిరితే జెముడు కొమ్మలు దంచి ఆ పాలు మడుగులో కలిపి, మత్తెక్కి తేలిన చేపల్ని ఏరుకోవడం ఆ ఊరి అలవాటు. ఆ ఏడు పిల్లలు తండ్రుల కాళ్లకు అడ్డం పడ్డారు. ఆ నీళ్లే వరదలో సముద్రానికి పోతాయనీ, మలుగవ్వ పుట్టిల్లు పాడవుతుందనీ ఏడ్చారు. పెద్దవాళ్లు విసుక్కుంటూనే ఊరుకున్నారు.

పిల్లల్లో మస్తాను కూతురు జీనత్ మాత్రం ఒకనాడు గట్టిగా నిలదీసింది. "పంతులమ్మగారూ, దాన్నెవరూ పట్టుకోరుగా?"

"పట్టుకోరు. నేనున్నాగా" అంది సుందరి.

మలుగవ్వ ఏ బండ సందులో దాక్కుంటుందో ఆ పిల్లలకూ సుందరికీ తప్ప ఎవరికీ తెలియదు. అన్నం తినేటప్పుడు మొగుడు మరియదాసుకు ఒక్కడికే చెప్పింది, మురిసిపోతూ. మొగుడికి కాక ఎవరికి చెప్పుకుంటుంది? అతను ముద్ద ఆపి, "ఎడమ పక్క బండ కిందా?" అని అడిగాడు కూడా. తన కథ ఇతనికీ నచ్చిందనుకుంది పిచ్చిది.

తొలకరికి ముందు బళ్ల ఇనస్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకు నడుంనొప్పి. మలుగు కూర తింటే నడుం కుదురుతుందని పల్నాట్లో ఎవర్నడిగినా చెబుతారు. పెద్ద పంతులు రాజారత్నం ఆ సంగతి మరియదాసు చెవిన వేశాడు. మిషను హాస్టలు వాచ్‌మన్ పని ఖాళీగా ఉందన్న సంగతి కూడా ఆ నోటితోనే వేశాడు. సుందరి కథలను నలుగురిలో మెచ్చుకునేదీ ఆ నోరే.

ఆ పొద్దున బడికొచ్చిన పిల్లలెవరూ పలకలు తీయలేదు. మడుగు నిండా చేపలు తెల్లగా వెల్లకిలా తేలాయనీ, ఎడమ పక్క బండను గడ్డపారతో పెకలించారనీ ఒకరి మాట మీద ఒకరు చెప్పారు. మధ్యాహ్నం బెల్లు కాగానే ఇంటికి పోయింది. పొయ్యి మీద పెద్ద దాక, చేప వాసన వీధి చివరి దాకా. పక్కన పీటమీద కూర్చుని మరియదాసు చింతపండు పిసుకుతున్నాడు.

"ఎవరు చెప్పారయ్యా నీకు, ఆ బండ సంగతి?"

"నువ్వేగా." తలెత్తలేదు. "ఊరికే చెయ్యలా. నెల జీతం వచ్చే పని. బతుకంతా కూలికి పొమ్మంటావా ఏంది?"

"పిల్లలకు మాటిచ్చాను."

"పిల్లకాయలకేం? రేపు ఇంకో చేప కథ చెప్పు, మర్చిపోతారు."

ఆవిడ ఏడవలేదు. ఏడుపు కన్నా ముందు అసహ్యం వచ్చింది. కంచంలో అన్నం పెట్టి, విసనకర్ర విసురుతూ, తను మనసు విప్పి చెప్పుకున్న మాటను ఈ మనిషి గడ్డపార చేసుకున్నాడు. పరాయివాడైతే తిట్టి దులుపుకునేది.

ఇనస్పెక్టరు కడుపునిండా తిని, తాంబూలం నములుతూ ఒకటో తరగతికి వచ్చాడు. "మీరు కథలు బాగా చెబుతారట. ఏదీ, ఒకటి చెప్పండి వింటాను" అన్నాడు. వెనక నించున్న రాజారత్నం, "ఆ మలుగు కథ చెప్పమ్మా" అన్నాడు. ఆ నోటికి సిగ్గెక్కడిది!

సుందరి పిల్లల వంక చూసింది. వాళ్లెవరూ ఆవిడ వంక చూడటం లేదు. మొదలుపెట్టింది. మలుగు అన్న మాట దాకా వచ్చి, సుద్దముక్క వెతకసాగింది. ఇనస్పెక్టరే చొరవగా ముందు వరుసలో ఉన్న జీనత్ వైపు వంగాడు.

"ఏం పాపా, ఎక్కడుంది ఆ మలుగు?"

జీనత్ లేచి నిలబడి చేతులు కట్టుకుంది. "పంతులమ్మగారి ఇంట్లో వండారు సార్" అంది.

ఇనస్పెక్టరుకు అర్థం కాలేదు. రాజారత్నం గబగబా, "చిన్నపిల్ల సార్, ఏదో వాగుతుంది" అన్నాడు.

"వాగడం లేదు సార్. నిజమే చెప్పింది" అంది సుందరి. "ఇందాక మీరు తిన్నది దాన్నే."

ఇనస్పెక్టరు నమలడం ఆపాడు. ఇంకో తరగతి చూడాలంటూ వెళ్లిపోయాడు. సుందరి జీనత్ పక్కన చాప మీద కూలబడి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయింది.

జీనత్ పక్కకు జరిగింది. "మీకు తప్ప ఆ బండ సంగతి మేమెవరికీ చెప్పలా పంతులమ్మగారూ" అంది.